వినకుండా కొట్టిన ఊఁ

మా వారు ముందు నడిచేవారు, నేను వెనక నడిచేదాన్ని. ఇందులో పతిభక్తి ఏమీ లేదు. కాలువ గట్టు మీద ఇద్దరు పక్కపక్కన పట్టరు, అంతే.

ధవళేశ్వరంలో మా ఇల్లు కాలువకి దగ్గర్లోనే. ఆయన కాలువల ఆఫీసులో వర్క్ ఇన్‌స్పెక్టరు. గట్టు ఎక్కడ జారింది, ఏ తూముకి గుర్రపుడెక్క అడ్డుపడింది, ఎక్కడ గండి పడేలా ఉంది అని చూసుకుంటూ రోజూ మైళ్ళకొద్దీ నడవడమే ఆయన ఉద్యోగం. అంత నడిచొచ్చిన మనిషి సాయంత్రం టీ తాగి, "అలా గట్టెమ్మట వెళ్ళొద్దామోయ్" అనేవారు. నాకు ఒళ్ళు మండేది. పొద్దుటినుంచీ బళ్ళో నిలబడి పాఠాలు చెప్పిన దాన్ని, నాకూ కాళ్ళున్నాయి కదా. విసుక్కుంటూనే చెప్పులు వేసుకునేదాన్ని.

గట్టు మీద నడకకి ఒక పద్ధతి ఉందని పెళ్ళైన కొత్తలో మా అత్తగారు నేర్పారు. ముందు నడిచే మనిషి మాట్లాడుతూ ఉండాలి, వెనక నడిచే మనిషి ఊఁ కొడుతూ ఉండాలి. ఊఁ వినిపిస్తోందంటే వెనక మనిషి క్షేమంగా వస్తున్నట్టు. ఊఁ ఆగిందంటే కాలు జారినట్టో, పామును చూసి బిగుసుకుపోయినట్టో. అప్పుడు ముందు మనిషి ఆగిపోవాలి. మాటిమాటికీ వెనక్కి తిరిగి చూసుకుంటే ముందు మనిషే కాలువలో పడతాడు కాబట్టి, చూడక్కర్లేకుండా ఈ ఏర్పాటు. "కథకి ఊఁ కొట్టినట్టు కొట్టాలమ్మాయ్. మధ్యలో ఆపేవనుకో, వాడికి గుండె జారిపోద్ది" అనేవారు ఆవిడ. లూథరన్ చర్చిలో ప్రార్థన చివర ఆమెన్ ఎంత ఠంచనుగా అనేవారో, గట్టు మీద ఊఁ కూడా అంత ఠంచనుగానూ అనేవారు.

అలా ముప్ఫై ఏళ్ళు ఊఁ కొట్టాను. నిజం చెప్పాలంటే అందులో సగం వినకుండా కొట్టినవే. ఆయన మాట్లాడేది తూములూ షట్టర్లూ నీటిమట్టాలూనూ. వినడానికి అందులో ఏముంటుంది? నోరు ఊఁ అంటూ ఉండేది, నా బుర్ర తన దారిన నేను వండాల్సిన కూర దగ్గరో, దిద్దాల్సిన పరీక్ష పేపర్ల దగ్గరో ఉండేది. అలా వినకుండా కొట్టినవాటిలో ఒకే ఒక్క ఊఁ గురించి చెప్పాలనే ఇదంతా రాస్తున్నాను.

ఆయనకీ సంగతి తెలుసు. ఉన్నట్టుండి ఆగి, "ఇప్పుడు నేనేం చెప్పానో చెప్పు టీచరమ్మా" అనేవారు. చివరి రెండు ముక్కలూ చెవిలో ఎక్కడో మిగిలి ఉండేవి కదా, అవి అప్పజెప్పేదాన్ని. "షట్టరు తుప్పు పట్టిందన్నారు." ఆయన నవ్వేసి మళ్ళీ నడిచేవారు. నా క్లాసులో వెనక బెంచీ పిల్లలు సరిగ్గా ఇలాగే చేస్తారు. వాళ్ళని మాత్రం లేపి నిలబెడతాను.

మాది పల్లపు ప్రాంతం. ఎటు చూసినా బల్లపరుపు నేల, వరి, కొబ్బరి, మధ్యలో కాలువలు. కాస్త ఎత్తయిన నేలని మెట్ట అంటాం, ఆ పైన కొండలూ అడవీ మొదలైతే ఏజెన్సీ అంటాం. పల్లంలో పుట్టి పెరిగినవాళ్ళకి మెట్టకి వెళ్ళాల్సిన పనేమీ ఉండదు, చుట్టాలుంటే తప్ప. మా వారికి మాత్రం అదొక పిచ్చి. "బతుకంతా నీళ్ళకి తలుపులు వెయ్యడం, తియ్యడంతోనే సరిపోయిందోయ్. తలుపుల్లేని నీళ్ళు చూడాలి" అనేవారు. అందుకని నెలకోసారి, రెండో శనివారం నాడు, నన్ను బయల్దేరదీసేవారు. ఆదివారం చర్చి, మిగతా రోజులు ఉద్యోగాలు, దొరికేది అదొక్కటే. ఆ రోజు దుప్పట్లు నానబెట్టుకుందామని నాకుండేది. దుప్పట్లు ఎన్నడూ నానలేదు.

ఎక్కువసార్లు వెళ్ళింది కోరుకొండకి. స్కూటరు మీద పొద్దున్నే బయల్దేరితే ఎండ ఎక్కకముందే కొండ కింద ఉండేవాళ్ళం. నిటారుగా రాతిమెట్లు, పైన నరసింహస్వామి గుడి. మేం గుడికని వెళ్ళేవాళ్ళం కాదు గానీ, మెట్ల దగ్గరే చెప్పులు విప్పేసేవారు ఆయన. "ఇంకోళ్ళ ఇంటికెళ్తే విప్పమూ?" అనేవారు. ఆ మెట్లు మోకాళ్ళ సంగతి తేల్చేస్తాయి. ఆయన ముందు మాట్లాడుకుంటూ ఎక్కుతుంటే, నేను వెనక ఆయాసంతో ఊఁ అనడానికి బదులు హుఁ అనేదాన్ని. పైన గాలి తగలగానే అన్నీ మర్చిపోయేదాన్నని ఒప్పుకోవాలి. కింద పొలాలు, తాడిచెట్లు, అక్కడక్కడా ఎర్రనేల, చిన్న చిన్న ఊళ్ళు. "అదుగో, ఆ తెల్లగీత గోదారి" అని దక్షిణంగా చెయ్యి చాపేవారు. నాకు మాత్రం మంచు తప్ప ఏమీ కనపడేది కాదు. ఊఁ అనేదాన్ని.

వేసవిలో పట్టిసీమ. రేవులో పడవెక్కించుకునే అతను ప్రతి మాటకీ "ఆయ్" అనేవాడు, అదే మా వైపు మర్యాద. గోదావరి మధ్యలో చిన్న కొండ, కొండ మీద వీరభద్రుడి గుడి, చుట్టూ ఇసుక. నీళ్ళు తగ్గిన నెలల్లో ఆ ఇసుకలో చాలా దూరం నడిచేవాళ్ళం. ఒడ్డున లిఫ్టు పథకం పైపులు కనిపించగానే ఆయన మొదలుపెట్టేవారు, ఎన్ని మోటార్లు, ఎంత నీరు, ఏ కాలవలోకి అని. సెలవు రోజు కూడా ఆఫీసేనా అని నేను విసుక్కుంటే, "సరే, కొండల గురించి చెప్తాను" అని పాపికొండల వైపు చూస్తూ నిలబడిపోయేవారు. ఆ కొండల గురించి చెప్పడానికి ఆయన దగ్గర మాటలుండేవి కావు. చూస్తూ ఉండిపోయేవారు. నాకు ఆ నిమిషాలు ఇష్టంగా ఉండేవి, ఊఁ కొట్టే పని ఉండదు కాబట్టి. ఇప్పుడు ఈ వాక్యం రాయడానికి సిగ్గుగా ఉంది.

మా అమ్మాయి విశాఖలో నర్సు. రెండేళ్ళ క్రితం వాళ్ళ నాన్నకి మంచి ఫోను కొనిచ్చింది. అప్పటినుంచీ మా నడకలకి కెమెరా తోడైంది. ఫోను ముందుకి పట్టుకుని వీడియో తీస్తూ, తీస్తున్నదాని గురించి చెప్తూ నడిచేవారు. ఇంటికొచ్చాక అందులో బాగా వచ్చిన ముక్క ఏరి అమ్మాయికి పంపేవారు. "నాన్నా, నీ వీడియోల్లో అమ్మ కనపడదేంటి, ఊఁ అని వినపడుతుందంతే" అని అది నవ్వేది. "అదే మీ అమ్మ హాజరు" అనేవారు ఆయన.

ఇక ఆ రోజు. వానలు వెళ్ళి చలి మొదలైన రెండో శనివారం. రాజమండ్రిలో బస్సెక్కి మారేడుమిల్లి వెళ్ళాం. గోకవరం దాటేదాకా వరి మన వెంటే వస్తుంది. ఆ తర్వాత జీడిమామిడి తోటలు, రంపచోడవరం దాటాక టేకు, వెదురు. మన్ను ఎర్రబడుతుంది, గాలి చల్లబడుతుంది. కిటికీ పక్కన కూర్చుని ఆయన చిన్నపిల్లాడిలా ముక్కు అద్దానికి ఆనించి చూస్తూనే ఉన్నారు. మారేడుమిల్లిలో దిగి, టిఫిను తిని, ఆటో మాట్లాడుకుని ఘాట్ రోడ్డులో కొంత దూరం వెళ్ళాం. రోడ్డు పక్కనుంచి జలపాతానికి కాలిబాట దిగుతుంది. సన్నటి బాట, రాళ్ళు, రాళ్ళ మీద పాచి, రెండువైపులా వెదురు పొదలు. ఇద్దరు పక్కపక్కన పట్టరు. అలవాటు ప్రకారం ఆయన ముందు, నేను వెనక.

ఆ బాట అందమైనదని నాకు ఇప్పుడు తెలుసు. చాలాసార్లు చూశాను, ఫోనులో. వెదురాకుల మధ్యనుంచి ఎండ ముక్కలు ముక్కలుగా పడుతుంటుంది. నీళ్ళు కనపడకముందే వినపడతాయి. ఒక మలుపులో పెద్ద బండ, దాని పైనుంచి సన్నగా నీళ్ళు ఊరి బాటకి అడ్డంగా పారుతుంటాయి. దాన్ని దాటగానే చల్లటి తుంపర మొహానికి తగులుతుంది. ఆ రోజు మాత్రం నేను వీటిలో ఒక్కటీ చూడలేదు. ముందురోజు మా బడి స్టాఫ్ గ్రూపులో హెడ్‌మిస్ట్రెస్ ఒక మెసేజ్ పెట్టారు, కొందరు టీచర్లు ఎంత చెప్పినా రిజిస్టర్లు సరిగా రాయడం లేదని. ఆ కొందరిలో నేనున్నానని నా అనుమానం. ఆవిడకి దీటైన జవాబు ఏం పెట్టాలా అని ఆ బాటంతా మనసులో రాసుకుంటూ, కొట్టేసుకుంటూ, మళ్ళీ రాసుకుంటూ నడిచాను. ఏం రాశానో ఇప్పుడు ఒక్క ముక్క కూడా గుర్తులేదు. ఆ జవాబు పెట్టనూ లేదు.

జలపాతం దగ్గర ఆయన ప్యాంటు మడిచి నీళ్ళలో నిలబడ్డారు. "ఈ నీళ్ళకి షట్టరు వేసేవాడెవడూ లేడోయ్" అని ఎంత సంబరమో. సాయంత్రానికి ఇల్లు చేరాం.

ఆ తర్వాత తొమ్మిదో రోజు, సోమవారం పొద్దున, అద్దం ముందు గడ్డం గీసుకుంటూ ఆయన రేజరు కింద పడేశారు. వంగి తియ్యబోయి అలాగే పడిపోయారు. కుడి చెయ్యి, కుడి కాలు పోయాయి. నోరు పక్కకి వెళ్ళింది. ఆస్పత్రిలో డాక్టరుగారు నన్ను అడిగారు.

"ఈ మధ్య ఎప్పుడైనా చెయ్యి తిమ్మిరెక్కడం, పట్టు తప్పడం, మాట తడబడటం లాంటివి వచ్చాయామ్మా? వచ్చి కాసేపటికి తగ్గిపోయినా సరే చెప్పండి."

"లేదండీ. అలాంటిదేదీ లేదు. మొన్నే కదండీ కొండల్లోకి వెళ్ళి నడిచొచ్చాం, శుభ్రంగా ఉన్నారు" అన్నాను. ఎంత గట్టిగా చెప్పానో. బళ్ళో తనిఖీకి వచ్చినవాళ్ళకి చెప్పినట్టు చెప్పాను.

మంచం మీదనుంచి ఆయన నా వైపు చూసి, "ఊఁ, ఊఁ" అన్నారు. పడిపోయాక ఆయన నోటినుంచి వచ్చిన మొదటి శబ్దం అది.

"చూశారాండీ, ఆయనా అదే అంటున్నారు" అన్నాను నేను.

ఆ తర్వాత ఆయనకి మిగిలింది ఆ ఒక్క మాటే. మెదడులో మాటలుండే చోట దెబ్బ తగిలిందని, అర్థం చేసుకోవడం కొంత ఉంటుందని, చెప్పడమే కష్టమని డాక్టరుగారు చెప్పారు. కొంతమందికి ఇలా ఒక్క మాటే మిగిలిపోతుందట. అందరిలోకీ ఎక్కువ మాట్లాడిన మనిషికి, ముప్ఫై ఏళ్ళు నేను ఆయన వెనక వాడిన నా మాట మిగిలింది. ఇడ్లీ తింటారా అంటే ఊఁ. వద్దా అంటే ఊఁ. నొప్పిగా ఉందా, ఊఁ. లేదా, ఊఁ. తల ఊపినా దానికీ అడిగినదానికీ పొంతన ఉండేది కాదు. చర్చి పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేస్తే చివర ఆయన కూడా ఊఁ అన్నారు, అందరూ అది ఆమెన్ అనుకుని కళ్ళు తుడుచుకున్నారు. నేను కూడా అలాగే అనుకోవాలని చాలా ప్రయత్నం చేశాను.

మూడు నెలలకి కాలు కాస్త స్వాధీనంలోకి వచ్చింది. ఎడమ చేత్తో నాలుగు కాళ్ళ కర్ర పట్టుకుని నడిచేవారు. ఫిజియోథెరపీ అబ్బాయి రోజూ నడిపించమన్నాడు. నడిపించడానికి మాకు గట్టు తప్ప ఇంకేం తెలుసు? అక్కడ నేను ఆయన చెయ్యి పట్టుకోబోతే విదిలించేసేవారు. వెనక నిలబడితే, తిరిగి చూసి కర్రతో ముందుకి పొమ్మని చూపించేవారు. సరే అని ముందు నడిచాను. నాలుగడుగులు వేశాక భయం వేసింది, వెనక ఆయన ఉన్నారో పడ్డారో అని. అప్పుడు ఏం చెయ్యాలో నాకు నేర్పినవాళ్ళున్నారు కదా. మాట్లాడటం మొదలుపెట్టాను.

"ఈ కొబ్బరి చెట్టుకి చీడ పట్టినట్టుందండీ."

"ఊఁ."

"కాలవలో నీళ్ళు తగ్గాయి."

"ఊఁ."

అలా మా వరసలు తారుమారయ్యాయి. ముందు నడిచి మాట్లాడటం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది నాకు. వెనక మనిషికి ఏం చెప్తే బాగుంటుందా అని వెతుక్కోవాలి, చుట్టూ చూడాలి, చెట్టునీ పిట్టనీ పట్టించుకోవాలి. ఇన్నేళ్ళూ ఆయన ఇదంతా నాకోసం చేశారన్నమాట. ఆయన ఊఁ ప్రతి ఒక్కటీ చెవులు రిక్కించి వినేదాన్ని. కొంచెం ఆలస్యమైతే ఆగిపోయేదాన్ని.

ఫిజియో అబ్బాయి చెయ్యాల్సిన వ్యాయామాల వీడియోలు పంపుతానన్నాడు. నా ఫోను పాతది, అంతంత వీడియోలు అందులో తెరుచుకోవు. మా వారి ఫోనుకి పంపమన్నాను. దాంట్లో స్టోరేజీ నిండిపోయిందని వచ్చింది. పాత వీడియోలు తీసేద్దామని కూర్చున్నాను. చూడకుండా తీసేయడానికి చెయ్యి రాలేదు. ఒక్కొక్కటే పెట్టుకుని చూశాను. కోరుకొండ, పట్టిసీమ ఇసుక, మళ్ళీ కోరుకొండ. ఆయన గొంతు వినిపిస్తుంటే నిలువునా నీరైపోయాను. పక్క గదిలో ఆయన పడుకుని ఉన్నారు, వినపడకుండా సౌండు తగ్గించుకున్నాను. చివరికి మారేడుమిల్లి వచ్చింది. అమ్మాయికి పంపని ముక్క అది, బాట దిగుతున్నది.

వెదురు పొదలు కదులుతున్నాయి. ఆయన గొంతు.

"ఏమోయ్, ఈ నీళ్ళ చప్పుడు విన్నావా? ఇంకా చాలా దూరముంది, అప్పుడే వినపడుతోంది చూడు."

"ఊఁ." అది నేను.

బొమ్మ ఒక్కసారి ఊగింది. ఆకాశం, నేల, మళ్ళీ బాట. ఫోను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నారు.

"పొద్దుటినుంచీ ఈ కుడిచెయ్యి అదోలా ఉందోయ్. తిమ్మిరెక్కినట్టు. ఫోను పట్టుకుంటే పట్టున్నట్టే లేదు."

"ఊఁ."

"మొన్న ఆఫీసులో కూడా ఇలాగే అయింది. కాసేపటికి అదే తగ్గిపోయింది. డాక్టరుకి చూపించుకోమంటావా?"

"ఊఁ."

"ఒద్దులే, చెయ్యి తిమ్మిరెక్కితే కూడా డాక్టరేంటి. ఏం కాదంటావా?"

"ఊఁ."

"సరే అయితే. ఆ బండ చూడు, దాని మీంచి ఎలా ఊరుతున్నాయో నీళ్ళు."

"ఊఁ."

ఆ రోజు ఆయన ఎందుకు ఆగి, ఇప్పుడు నేనేం చెప్పానో చెప్పు టీచరమ్మా అనలేదో నాకు తెలియదు. ఎన్నో వందలసార్లు అడిగిన మనిషి ఆ ఒక్కసారి అడగలేదు. అడిగుంటే చివరి రెండు ముక్కలూ అప్పజెప్పేదాన్ని కదా, ఏం కాదన్నారు అని, అంటూండగానే నాకు వెలిగేది కదా అని ఇప్పటికీ అనుకుంటాను. తప్పు ఆయన మీదికి నెట్టాలని చూస్తున్నానని తెలుసు. నా బుద్ధి అలాంటిది.

అమ్మాయికి ఫోను చేసి, ఎవరికో అయినట్టు అడిగాను. చెయ్యి తిమ్మిరెక్కి దానంతటదే తగ్గిపోయినప్పుడు వెంటనే చూపించుకుంటే ఏమన్నా ప్రయోజనం ఉంటుందా అని.

"ఉంటుందమ్మా. అందరికీ అని చెప్పలేం గానీ చాలామందికి ఆపొచ్చు, మందులుంటాయి. ఎవరికమ్మా?"

"మా బళ్ళో ఒకావిడకి. ఊరికే అడిగాను."

దానికి ఇప్పటికీ చెప్పలేదు. ఇది చదివితే తెలుస్తుంది.

ఆయనకి చెప్పాలి. ఆస్పత్రి మంచం మీద ఆయన అన్న ఆ రెండు ఊఁలూ అప్పటినుంచీ నన్ను పీక్కుతిన్నాయి. నేను డాక్టరుగారికి అబద్ధం చెప్తున్నానని ఆయన చెప్పాలని చూశారు, నేను దాన్ని సాక్ష్యంగా వాడుకున్నాను. ఆ రోజు విని కూడా నిర్లక్ష్యం చేశానని అనుకుంటున్నారేమో. అసలు విననే లేదని తెలిస్తే ఇంకా బాధపడతారేమో. ఈ రెంటిలో ఏది తక్కువ పాపమో తేల్చుకోలేక రెండు నెలలు గడిపాను. గట్టు మీద రోజూ చెబుదామనుకునేదాన్ని. కొబ్బరి చెట్ల గురించి, కొంగల గురించి చెప్పి ఇంటికి వచ్చేసేదాన్ని.

ఒకరోజు కోరుకొండ ఫోటో చూపించి, వెళ్దామా అని అడిగాను. ఊఁ అన్నారు. ఎడమ చెయ్యి చెప్పుల వైపు చాపారు కాబట్టి అది నిజమైన ఊఁ అని నమ్మాను. వేసవి కదా, ఎండ ఎక్కకముందే చేరాలని తెలిసినవాళ్ళ ఆటోలో పొద్దున్నే వెళ్ళాం. మెట్ల దగ్గర ఆయన చెప్పులు నేను విప్పాను. మొదటి కాసిన్ని మెట్లే ఎక్కి దిగిపోదామని ఒప్పందం. ఆయన ఎప్పటిలాగే నన్ను ముందుకి పొమ్మన్నారు. నేను ఒక్కో మెట్టూ ఎక్కి ఆగుతూ, వెనక కర్ర చప్పుడు విని మళ్ళీ ఎక్కుతూ, ఏదో మాట్లాడుతూ ఉన్నాను. పది పన్నెండు మెట్లు ఎక్కాక ఇక ఆగలేకపోయాను. వెనక్కి తిరిగి మొహం చూస్తూ చెప్పే ధైర్యం నాకు లేదు. ఎదురుగా ఉన్న రాతిమెట్టుకి చెప్పాను.

"ఏవండీ, ఆ రోజు మారేడుమిల్లిలో మీరు చెయ్యి గురించి చెప్పారు కదా."

"ఊఁ."

"నేను వినలేదండీ. ఊఁ అన్నాను గానీ వినలేదు. ఏదో పనికిమాలిన ఆలోచనలో ఉన్నాను. వినుంటే ఆ పూటే తీసుకెళ్ళేదాన్ని. దేవుడి మీద ఒట్టు."

"ఊఁ."

"నేను విన్లేదని మీకు తెలుసా?"

"ఊఁ."

"నామీద కోపంగా ఉందా?"

"ఊఁ."

"క్షమిస్తారా?" అన్నాను.

"ఊఁ."

కళ్ళు తుడుచుకుని వెనక్కి తిరిగాను. ఆయన నా వైపు చూడటం లేదు. మూడు మెట్లు కింద, కర్ర మీద బరువు వేసి, దక్షిణంగా తిరిగి నిలబడి ఉన్నారు. తెల్లగీత కోసం వెతుకుతున్నారు. ఆ కాసిన్ని మెట్ల ఎత్తునుంచి అది కనపడదు, అయినా కళ్ళు చిట్లించి వెతుకుతున్నారు. ఆయన మొహం చాలా నెలల తర్వాత ప్రశాంతంగా ఉంది. నేను మాట్లాడటం ఆపేసి చాలాసేపయినా, ఆ చూపు తిప్పకుండానే మరోసారి "ఊఁ" అన్నారు. ఆ ఊఁ నాకు తెలుసు. ముప్ఫై ఏళ్ళు నేనన్నదే.

మళ్ళీ మొదటినుంచీ చెప్పుండాల్సింది. ఎదురుగా నిలబడి, మొహం నా వైపు తిప్పుకుని చెప్పుండాల్సింది. కానీ ఆ ప్రశాంతతని పాడు చెయ్యబుద్ధి కాలేదు. దిగేటప్పుడు చెబుదామనుకున్నాను. దిగేటప్పుడు నా ధ్యాసంతా ఆయన కాళ్ళ మీదే ఉంది. ఇంటికెళ్ళాక అనుకున్నాను. ఆ తర్వాత రేపనుకున్నాను. కొత్తనీరు వచ్చి కాలవలు నిండిన నెలలో ఆయనకి పక్షవాతం రెండోసారి వచ్చింది, ఈసారి ఊఁ కూడా మిగల్లేదు. నాలుగో రోజున పోయారు. సమాధి తోటలో ఆయన ఆఫీసువాళ్ళు వచ్చి నిలబడి, కాలువల గురించి ఆయనకి తెలిసినంత ఎవరికీ తెలియదని చెప్పుకున్నారు. ఆయన ముప్ఫై ఏళ్ళు నాకే చెప్పారు, నాకేమీ తెలియదు.

ఇప్పుడు రెండో శనివారాలు ఒక్కదాన్నే వెళ్తున్నాను. నాకు మరో దారి తోచడం లేదు. మొన్న మారేడుమిల్లి వెళ్ళాను. ఆ బాట మొదట్లో నిలబడి, ఆయన ఫోను తీసి, ఆ వీడియో పెట్టి, చెయ్యి ముందుకి చాపి పట్టుకున్నాను. ఆయన గొంతు నాకు రెండడుగుల ముందు నడిచింది. నేను వెనక నడిచాను. నీళ్ళ చప్పుడు విన్నావా అని ఆయన అడిగితే, ఆగి విన్నాను. నిజంగానే అంత దూరంనుంచే వినపడుతుంది. ఊరే బండని చెయ్యి వేసి తాకాను.

ఆ వీడియో నాకు కంఠతా వచ్చు. "ఏం కాదంటావా?" అని ఆయన అడగడానికీ నేను ఊఁ అనడానికీ మధ్య ఒక్క అడుగు వేసేంత వ్యవధి ఉంది. ఆ వ్యవధిలో, "అలా కాదండీ, పదండి, ఇప్పుడే చూపించుకుందాం" అనాలని ప్రతిసారీ నోరు తెరుస్తాను. నేను మొదటి మాట అనేలోపే, ఫోనులోంచి నా ఊఁ వచ్చేస్తుంది. సరే అయితే, అని ఆయన ముందుకి నడుస్తారు.